ఇప్పచెట్టుకు స్పాన్సరు ఎవరు?

కొత్తగూడెం వైపు నుంచి భద్రాచలం వెళ్లేవాళ్లకు గోదావరి వంతెన కంటే ముందు సారపాక వస్తుంది, సారపాకలో పేపరు మిల్లు కనిపిస్తుంది. ఆ దారిలో జామాయిల్, సుబాబుల్ కర్ర నింపుకున్న లారీలు, ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. చుట్టూ అడవి ఉంది కదా, ఈ కర్ర అక్కడిదే అయి ఉంటుందనుకుంటారు కొత్తగా వచ్చినవాళ్లు. కాదు, అది రైతు చెలకలో పెరిగిన కర్ర. వ్యాపార సంస్థలు మొక్కలు నాటించడం గురించి మాట్లాడాలంటే ఈ లారీల దగ్గరే మొదలుపెట్టాలి. కంపెనీ పూనుకుని నాటించిన మొక్క నిజంగా బతికిందని ధైర్యంగా చెప్పగల చోట్లు మన దగ్గర తక్కువ. వాటిలో ఇదొకటి.

మిల్లు కథ 1975లో భద్రాచలం పేపర్‌బోర్డ్స్ పేరుతో మొదలైంది. 1979లో ఉత్పత్తి ప్రారంభమైంది. తర్వాతి కాలంలో ఐటీసీలో కలిసిపోయింది. అప్పట్లో ఏ కాగితపు మిల్లుకైనా వెదురుకీ కర్రకీ అడవే దిక్కు. అడవి తరిగిపోతోందన్న ఆందోళన పెరిగాక 1988 జాతీయ అటవీ విధానం గట్టిగానే ఒక మాట చెప్పింది: అటవీ ఆధారిత పరిశ్రమలు తమకు కావలసిన ముడిసరుకును రైతులతో నేరుగా సంబంధం పెట్టుకుని పెంచుకోవాలి. ఆ మరుసటి ఏడాదే, 1989లో, సారపాకలో జామాయిల్ క్లోన్ల మీద పని మొదలైంది. శాస్త్రవేత్త ప్యారేలాల్ నాయకత్వంలో తయారైన ఆ రకాలకు దేశమంతా ‘భద్రాచలం క్లోన్లు’ అనే పేరు వచ్చింది. విత్తనంతో పెంచిన తోటలో ఒక చెట్టు లావు, ఒక చెట్టు సన్నం. కొమ్మ కత్తిరించి వేరు పట్టించిన క్లోన్ తోటలో అన్నీ ఒకే ఎత్తు, ఒకే లావు. నాలుగైదేళ్లకు నరుకుడు, నరికిన మొదలు నుంచే మళ్లీ చిగురు. ఉమ్మడి ఖమ్మం రైతుకు ఈ లెక్క తొందరగానే తలకెక్కింది.

పేద రైతుల చేత కూడా ఈ తోటలు వేయించింది ఐటీసీ. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో బీడుపడిన 3 వేల హెక్టార్లకు పైగా భూమిలో చేపట్టిన సామాజిక అడవుల ప్రాజెక్టు 2009లో ఐక్యరాజ్యసమితి క్లీన్ డెవలప్‌మెంట్ మెకానిజం కింద నమోదైంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును చెట్లు పీల్చుకున్నందుకు లెక్కకట్టి క్రెడిట్లు ఇచ్చే పద్ధతి అది. అడవులు పెంచే ప్రాజెక్టులకు ఆ నమోదు దొరకడం ప్రపంచంలోనే అరుదుగా ఉన్న రోజుల్లో, మన బూర్గంపాడు, అశ్వాపురం వైపు చెలకల పేరు ఆ జాబితాకెక్కింది. దేశవ్యాప్తంగా తమ చెట్ల పెంపకం పది లక్షల ఎకరాలు దాటిందని కంపెనీ చెప్పుకుంటోంది. రైతుకు నాలుగు డబ్బులు వచ్చాయి, మిల్లుకు కర్ర వచ్చింది, అడవి మీద ఒత్తిడి కొంత తగ్గింది. ఇందులో తప్పుపట్టాల్సింది పెద్దగా లేదు.

అయితే ఇది అడవి కాదు. జామాయిల్ తోటలోకి వెళ్తే కింద గడ్డి పలచగా, పైన ఆకు పలచగా ఉంటుంది. తేనెపట్టు కోసం చెట్టెక్కేవాడికి గానీ, అడ్డాకు కోసుకొచ్చి విస్తళ్లు కుట్టే ఆడమనిషికి గానీ అక్కడ పని లేదు. చిక్కేమిటంటే మన ప్రభుత్వ లెక్కలు ఈ రెండింటినీ ఒకే గాట కడతాయి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా దృష్టిలో హెక్టారుకు మించిన స్థలంలో పది శాతం పైన చెట్ల గుబురు ఉంటే అది అటవీ విస్తీర్ణమే. ఏ జాతి చెట్టు, ఎవరి భూమి, దేనికోసం పెంచారు అన్న ప్రశ్నలు ఆ లెక్కలో రావు. కాబట్టి ఒక జిల్లాలో నల్లమద్ది పోయి జామాయిల్ వచ్చినా పటం పచ్చగానే కనిపిస్తుంది.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల అడవి ఎక్కువ భాగం ఆకురాల్చే అడవి. టేకు, నల్లమద్ది, యేగిస, జిట్రేగి, తునికి, ఇప్ప, సారపప్పు, ఉసిరి, కరక, తాని, తపసి, వెదురు దీని మూలవాసులు. కిన్నెరసాని అభయారణ్యమే 635 చదరపు కిలోమీటర్లు. గోదావరి దాటితే పాపికొండల జాతీయ ఉద్యానం. ఈ మధ్యలో ఉన్న ముక్కల్లోనే నష్టం ఎక్కువ: బొగ్గు గనులు, పోడు, రోడ్లు, కాల్వలు. సీతారామ ఎత్తిపోతల పథకం ఒక్కదానికే సుమారు 1,530 హెక్టార్ల అటవీ భూమి పోయింది. అవతలి ఒడ్డున పోలవరం ముంపు సంగతి చెప్పనే అక్కర్లేదు. అడవిని తిరిగి తేవాలన్న మాట ఇక్కడ అలంకారం కాదు, అవసరం.

ఆ అవసరానికి డబ్బు ఎక్కడిదంటే చట్టం చూపించే దారి ఉంది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం ఒక స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు పెట్టాలి. పర్యావరణ సమతుల్యత, వృక్షజాతి, జంతుజాతి పరిరక్షణ ఏడో షెడ్యూలులో స్పష్టంగా ఉన్నాయి. మణుగూరు, ఇల్లెందు, కొత్తగూడెం, సత్తుపల్లి పట్టణాలకు అన్నం పెట్టే సింగరేణి ఉంది. పాల్వంచ, సారపాక, అశ్వాపురం పరిశ్రమలు ఉన్నాయి. హైదరాబాదు మందుల కంపెనీలు, ఐటీ కంపెనీలు ఉన్నాయి. ప్రభాస్ ఖాజీపల్లి అడవిని, నాగార్జున చెంగిచర్ల అడవిని దత్తత తీసుకున్నప్పటి నుంచి అడవి దత్తత అనేది గొప్పింటి మర్యాద అయి కూర్చుంది. తప్పులేదు, కానీ ఆ డబ్బంతా హైదరాబాదు చుట్టూ ఉన్న అర్బన్ ఫారెస్ట్ బ్లాకుల ప్రహరీల దగ్గరే ఆగిపోతోంది. చింతూరు ఘాటు వైపు రావడానికి దానికి దారి తెలియదు.

వచ్చినప్పుడు కూడా ఎలా వస్తుందో అందరికీ తెలిసిందే. జూన్ చివర, జూలై మొదట్లో కంపెనీ ఉద్యోగులు బస్సు దిగుతారు. తెల్ల టీషర్టులు, బ్యానరు. గోతులు ముందే తీసి ఉంటాయి, ట్రేలలో మొక్కలు తయారు. నర్సరీలో ఏది సులువుగా దొరికితే అదే మొక్క: కానుగ, వేప, గుల్‌మొహర్. కొన్నేళ్ల కిందట కోనోకార్పస్ కూడా ఇలాగే ఊరూరా దిగింది. తర్వాత దాన్ని పెంచొద్దని సర్కారే నర్సరీలకు చెప్పాల్సి వచ్చింది. సాయంత్రానికి బస్సు వెళ్లిపోతుంది. నివేదికలో ‘నాటిన మొక్కలు’ అనే గడి నిండుతుంది. భద్రాచలం, కొత్తగూడెం మే నెల ఎండ ఎలాంటిదో బస్సులో వచ్చినవాళ్లకు తెలిసే అవకాశం లేదు.

ఇది కంపెనీల జబ్బు మాత్రమే కాదు. హిమాచల్‌ప్రదేశ్ కాంగ్రా జిల్లాలో దశాబ్దాలపాటు ప్రభుత్వం నాటించిన తోటలను ఉపగ్రహ చిత్రాలతో, ఇంటింటి సర్వేతో పరిశీలించిన అధ్యయనం ఒకటి 2021లో ‘నేచర్ సస్టైనబిలిటీ’ పత్రికలో వచ్చింది. సగటున చూస్తే అడవి గుబురు పెరగలేదని తేలింది. పైగా ఊరివాళ్లకు మేతకూ వంటచెరకుకూ పనికొచ్చే వెడల్పాకు జాతుల వాటా కొంచెం తగ్గింది కూడా. నాటడం, అడవి పెరగడం వేర్వేరు పనులని దీనికంటే సూటిగా చెప్పే పరిశోధన మన దేశంలో తక్కువ.

మన దగ్గర ఈ నాటుడు వ్యవహారం ప్రాణాల మీదికే వచ్చింది. 2022 నవంబర్ 22న చండ్రుగొండ రేంజి అధికారి శ్రీనివాసరావును బెండాలపాడు సమీపంలో గుత్తికోయ ఆదివాసీలు వేటకత్తులతో నరికి చంపారు. గొడవ మొదలైంది అటవీశాఖ ప్లాంటేషన్‌లో పశువులు మేయడం దగ్గర. ఆ హత్యను ఎవరూ సమర్థించలేరు, కోర్టు శిక్ష కూడా వేసింది. కానీ ఆ మొక్కలు అక్కడ ఎందుకంత ద్వేషం మోశాయన్నది అడగాల్సిన ప్రశ్న. పోడు ప్రాంతంలో ప్లాంటేషన్ అంటే పచ్చదనం కాదు, భూమి మీద పాతిన హద్దురాయి. మొక్క నిలబడితే ఆ చెలక పోయినట్టే. 2019లో కాగజ్‌నగర్ దగ్గర సార్సాలలో మహిళా రేంజి అధికారి మీద దాడి జరిగినప్పుడూ నేపథ్యం ఇదే.

2023 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది. అందులో మూడో వంతుకు మించి ఒక్క భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోనే. ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గుత్తికోయల పరిస్థితి ఇంకా త్రిశంకు స్వర్గమే. ఇలాంటి నేల మీద మొక్కలు నాటించాలనుకునే కంపెనీ మొదట అడగాల్సింది ఏ జాతి మొక్క అని కాదు, ఎవరి భూమి అని. ఆ జవాబు రాతపూర్వకంగా దొరక్కుండా గోతి తీస్తే, ఆ కంపెనీ తన డబ్బుతో ఒక తగాదాకు పెట్టుబడి పెట్టినట్టే.

మరి ఈ గడ్డ మీద ఏ చెట్టు బతుకుతోంది? జామాయిల్ బతుకుతోంది, ఎందుకంటే దానికి ఒక పట్టాదారు ఉన్నాడు, నాలుగో ఏట కొనేవాడూ ఉన్నాడు. రైతు దానికి కాపలా కాస్తాడు, నిప్పు రాకుండా చూసుకుంటాడు. ఆశ్చర్యంగా ఇంకో చెట్టు కూడా బతుకుతోంది. పోడు కొట్టిన చెలకలో చుట్టూ అన్నీ పోయినా నడిమధ్య నిలబడి కనిపిస్తుంది, ఇప్పచెట్టు. దాన్ని నాటినవాడు లేడు, స్పాన్సరు లేడు, కంచె లేదు. అయినా కోయ రైతు గొడ్డలి దాని మీద పడదు.

కారణం మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలుస్తుంది. తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి వెళ్తారు. రాత్రంతా రాలిన పూవు లేత పసుపు రంగులో నేల మీద పరుచుకుని ఉంటుంది, ఎండ ముదిరేలోపు ఏరుకోవాలి. చాలా గూడేల్లో ఏ చెట్టు కింద ఏ ఇంటివాళ్లు ఏరాలో తరాల నాటి కట్టుబాటు ఉంటుంది. పూవు ఎండబెట్టి దాచుకుంటారు, సంతలో అమ్ముతారు. తర్వాత గింజ వస్తుంది, దాన్నుంచి నూనె. అంటే ఇప్పచెట్టుకు కాగితం మీద పట్టా లేకపోయినా ఊళ్లో పేరుంది. జామాయిల్‌కు ఉన్నదీ, కంపెనీ బస్సు దిగి నాటిన కానుగకు లేనిదీ ఆ పేరే. కంపెనీల డబ్బు స్థానిక అడవికి పనికిరావాలంటే, ప్రతి చెట్టూ, ప్రతి ముక్క అడవీ ఎవరి పేరు మీద ఉందో తేల్చి, ఆ పేరున్నవాళ్లకు బతికిన చెట్టు లెక్కన ఏళ్ల తరబడి డబ్బు ముట్టేలా ఒప్పందం ఉండాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

ఈ పద్ధతికి చట్టం అడ్డు కాదు, తోడు. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామానికి తన సాముదాయక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఇచ్చింది. వ్యక్తిగత పోడు పట్టాల మీద పెట్టిన శ్రద్ధలో పదో వంతు కూడా ఈ సాముదాయక హక్కుల మీద మన ప్రభుత్వాలు పెట్టలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల గ్రామసభలకు అధికారాలిచ్చిన పీసా చట్టం వచ్చి పాతికేళ్లు దాటినా గ్రామసభ తీర్మానం అంటే సంతకాలు సేకరించే కాగితంగానే మిగిలింది. భద్రాచలం గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఒక పది గ్రామసభలకు ఈ సాముదాయక హక్కుపత్రాలు పూర్తిచేసి చూపిస్తే కంపెనీలకు కాళ్లు పెట్టే చోటు దొరుకుతుంది.

రెండోది, నాటడం మీద మోజు తగ్గాలి. ఇక్కడి అడవికి వేళ్లు ఇంకా నేలలోనే ఉన్నాయి. నరికిన టేకు, మద్ది మొదళ్ల నుంచి పిలకలు వస్తాయి, తునికి వేరు నుంచి లేస్తుంది. పశువును, నిప్పును ఒక ఐదారేళ్లు ఆపితే చాలా చోట్ల గోతి తీయాల్సిన పనే ఉండదు. నమ్మనివాళ్లు సూర్యాపేట జిల్లా రాఘవాపురంలో దుశ్చర్ల సత్యనారాయణ 70 ఎకరాల అడవిని చూసి రావచ్చు. బ్యాంకు ఉద్యోగం వదిలేసిన ఆ మనిషి తన సొంత భూమిని చెట్టుకీ పిట్టకీ వదిలిపెట్టి, దాని మానాన దాన్ని పెరగనిచ్చాడు. మొక్కలను దగ్గరదగ్గరగా నాటే మియావాకి పద్ధతిని తెలంగాణ అటవీశాఖ మార్చి తయారుచేసిన యాదాద్రి నమూనాలో ఎకరానికి 4 వేల మొక్కలు పెడతారు. పట్టణంలో పార్కు మూలకు అది బాగుంటుంది. వేళ్లున్న భద్రాచలం అడవికి అంత తిప్పలు, అంత ఖర్చు దండగ.

నాటక తప్పని చోట మాత్రం విత్తనం తెలిసినవాళ్ల చేతిలో పని పెట్టాలి. ఇప్ప గింజ నిల్వ ఆగదు. రాలిన కొద్ది వారాల్లోనే మట్టిలో పడాలి, లేకపోతే మొలకెత్తదు. సారపప్పు గింజకు పెంకు గట్టి, జాగ్రత్తగా పగలగొట్టాలి. ఇలాంటి మొక్కలు హైదరాబాదు నర్సరీలో ఆర్డరు పెడితే దొరకవు. గూడెంలో ఆడవాళ్ల సంఘం చేత నర్సరీ పెట్టిస్తే దొరుకుతాయి. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య జీవితమంతా చేసింది ఇదే. అడవి గింజలు ఏరి సంచిలో వేసుకుని కాల్వగట్ల వెంట, రోడ్ల పక్కన చల్లుకుంటూ పోయాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశాడు. ఆయన బతికుండగా సభలకు పిలిచి శాలువా కప్పిన సంస్థలకు కొదవలేదు. ఆయన గింజ ఎప్పుడు ఏరేవాడో, ఎక్కడ చల్లేవాడో అడిగి రాసుకున్నవాళ్లు ఎంతమంది?

నిప్పు సంగతి ఒకటి ఉంది. ఇప్పపూవు ఏరడానికి నేల శుభ్రంగా ఉండాలని చెట్టు కింద ఎండాకులకు నిప్పు పెడతారు. అది పాకి అడవిని కాలుస్తుంది, అంతకు ముందు ఏడాది మొలిచిన మొక్కలన్నీ మాడిపోతాయి. ఛత్తీస్‌గఢ్‌లో చెట్టు కింద వల కట్టి పూవు పట్టడం మొదలుపెట్టారు. పూవుకు మట్టి అంటదు, ధర ఎక్కువ, నిప్పు అవసరమే రాదు. వల ఖరీదు మొక్కల పండుగ బ్యానరు, భోజనాల ఖర్చుకు మించదు. సామాజిక బాధ్యత కింద ఒక ఊరికి వలలు కొనిచ్చి, వేసవి నాలుగు నెలలు నిప్పు కాపలాకు ఊరి యువకులకు కూలి ఇస్తే, పదివేల మొక్కలు నాటిన దానికంటే అడవికి ఎక్కువ మేలు. కాకపోతే వల పక్కన నిలబడి ఫొటో దిగితే అంత అందంగా రాదు.

ఏళ్లకు ఏళ్లు కంపెనీలు ఆగుతాయా అంటే, ఆగిన ఉదాహరణ మన ఏజెన్సీలోనే ఉంది. విశాఖ మన్యంలో అరకు లోయ ఆదివాసీ రైతులతో నాంది ఫౌండేషన్ 2010లో మొదలుపెట్టిన చెట్ల పెంపకానికి డబ్బు పెట్టింది డానోన్ తదితర ఐరోపా సంస్థలు కలిసి పెట్టిన లైవ్లీహుడ్స్ నిధి. మామిడి, జామ, నీడచెట్లు, కాఫీ కలిపి లక్షల మొక్కలు ఆదివాసీల సొంత చెలకల్లో వేయించారు. కార్బన్ క్రెడిట్ల లెక్క చూసుకుని పెట్టిన డబ్బే అది, ధర్మం కాదు. కానీ ఒప్పందం 20 ఏళ్లది. మొక్క చచ్చిపోతే డబ్బు పెట్టినవాడికే నష్టం. అందుకే కాపలా జరిగింది.

మన సీఎస్ఆర్ నిబంధనల్లో ఇలాంటి ఓపికకు చోటు ఇరుకు. కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఏడాది కాక మరో మూడేళ్లు. ఇప్పచెట్టు పూయడానికి పదేళ్లు దాటొచ్చు. పోనీ ఊరి పేరున ఒక నిధి వేసి వడ్డీతో కాపలా జరిపిద్దామంటే 2021 మార్పుల తర్వాత కార్పస్ విరాళాన్ని సీఎస్ఆర్ ఖర్చుగా ఒప్పుకోవడం లేదు. అయితే అవే నిబంధనలు ఒక తలుపు తెరిచి ఉంచాయి. సీఎస్ఆర్ డబ్బుతో ఏర్పడిన ఆస్తి లబ్ధిదారుల స్వయం సహాయక సంఘం పేరున ఉండొచ్చు. నర్సరీ, వలలు, ఇప్పగింజల నూనె గానుగ, తేనె శుద్ధి యంత్రం సంఘం ఆస్తి అయితే కంపెనీ వెళ్లిపోయాక కూడా అడవితో ఆ ఊరికి లెక్క మిగులుతుంది. ప్రాజెక్టును నాలుగేళ్లకోసారి కొత్తగా ఆమోదించుకుంటూ పన్నెండేళ్లు నడపడానికి కూడా ఏ రూలూ అడ్డు రాదు, బోర్డుకు మనసుంటే.

కేంద్రం తెచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకం ఈ చర్చకు కొత్త మలుపు. 2024 ఫిబ్రవరి నాటి పద్ధతిలో క్షీణించిన అటవీ భూమిలో హెక్టారుకు కనీసం 1,100 చెట్లు, చెట్టుకో క్రెడిట్ అన్నారు. పలచటి అడవినీ, గడ్డినేలనూ ఒకే సాంద్రతకు ఈడ్చడమేమిటని శాస్త్రవేత్తలు గొడవపెట్టారు. 2025 ఆగస్టులో మార్చారు: ఐదేళ్ల పునరుద్ధరణ తర్వాత, 40 శాతం గుబురు వచ్చాకే క్రెడిట్. నాటినదానికి కాకుండా బతికినదానికి లెక్క కట్టడం మంచి మార్పే. ఏ జాతి చెట్టు, గ్రామసభ ఏమంది అన్నవి కూడా ఆ లెక్కలోకి గట్టిగా రాకపోతే ఐదేళ్లలో 40 శాతం గుబురు తేవడానికి అందరికంటే ముందు పరుగెత్తేది మళ్లీ జామాయిల్ లాంటి చెట్టే.

ఈ విషయంలో పాఠకులు చేయగల పని ఒకటుంది. మీ దగ్గర ఏ కంపెనీ షేర్లున్నా, పదే ఉన్నా సరే, ఏటా వార్షిక నివేదిక మీకు వస్తుంది. సీఎస్ఆర్ వర్తించే కంపెనీ అయితే అందులో సీఎస్ఆర్ అనుబంధం తప్పనిసరిగా ఉంటుంది, ప్రాజెక్టుల వివరాలు కంపెనీ వెబ్‌సైటులోనూ పెట్టాలి. చెట్ల పెంపకం అన్న పద్దు కనిపిస్తే సెప్టెంబరులోపు జరిగే వార్షిక సర్వసభ్య సమావేశంలో మూడు ప్రశ్నలు అడగండి: ఆ భూమి ఎవరిది, గ్రామసభ తీర్మానం ఎక్కడ, మూడేళ్ల కిందట నాటినవాటిలో ఇవాళ ఎన్ని బతికున్నాయి?